తాడు అవతల, కొమ్మ ఇవతల

పాతికేళ్లుగా కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను గానీ, అటక మీది డబ్బా తీయడానికి వేసుకునే స్టూలు కంటే ఎత్తయినదేదీ నేను ఎక్కి ఎరగను. ఈ సంగతి హిందూపురంలో ఒకాయన నన్ను చూసిన ఐదు నిమిషాల్లో కనిపెట్టేశాడు. ఐదు రోజుల ప్రయాణం. లేపాక్షి చూసి రమ్మని అందరూ చెప్పారు, చూడలేదు. దాని బదులు ఒక తాడును చూసి వచ్చాను. మా తెనాలిలో ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, నేను మాత్రం రాసేస్తున్నాను.

హిందూపురం

రెండువేల సంవత్సరం దాటి ఇంకా ఎన్నేళ్లో కాలేదు, బెంగుళూరు రోడ్డును వెడల్పు చేస్తున్నారు. ఏప్రిల్ ఎండ. రైలు దిగగానే ముక్కుకి తగిలింది చింతపండు వాసన. ఊళ్లో ఎక్కడ చూసినా చింతపండు బస్తాలే, బండ్ల మీద, అరుగుల మీద, లారీల్లో. నోట్లో నీళ్లూరడం మొదలైతే మూడు రోజులు ఆగలేదు.

నా చిన్ననాటి స్నేహితురాలు వసుంధర అక్కడ నర్సుగా పనిచేస్తోంది. పొద్దున్నే వాళ్ల వీధి చివర హోటల్లో ఉగ్గాని పెట్టించింది. మేము మరమరాలంటాం, వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి, పిండి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ఎనిమిది రూపాయలు. మరమరాలు తడిపితే ఇంత రుచి వస్తుందని నలభై ఏడేళ్లొచ్చినా నాకెవరూ చెప్పలేదు, మా గుంటూరు జిల్లా మీద కోపమొచ్చింది.

తిరిగి వచ్చేసరికి పక్కింటి ముందు జనం. వాళ్ల నేరేడు చెట్టు కొమ్మ రేకుల మీదికి వాలిపోయింది. దాన్ని తీయడానికి వచ్చిన మనిషి గోతాం విప్పి సామాన్లు నేలమీద పరుస్తున్నాడు. పేరు అంజనప్ప. యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి జారి ఉంది.

దగ్గర్నుంచి చూద్దామని పరిచిన తాడు దాటబోయాను.

"అక్కా, తాడు దాటొద్దు. సుట్టూ తిరిగి రా."

మా వైపూ ఇలాంటి పట్టింపులుంటాయి కదా, ఏ దేవుడి కోపమో అనుకుని, చుట్టూ తిరగబోయి మురిక్కాలవలో కాలు పెట్టాను. కొత్త చెప్పు. ఆయన చెంబుతో నీళ్లిచ్చి కడుక్కోమన్నాడు, నవ్వలేదు. వసుంధర మాత్రం సాయంత్రం దాకా నవ్వింది.

"దేవుడేం లేడక్కా ఈడ," అన్నాడు. "దాటేటోళ్లలో ఎవరో ఒకరు తొక్కుతారు. ఇసక నారలోకి పోతాది. పైకి ఏం కనపడదు, లోపల్నుంచి కోసుకుంటా వస్తాది."

ఆ తాడు కిత్తనారది. చేల గట్ల మీద కత్తుల్లాంటి ఆకులతో పెరిగే కలబందలాంటి మొక్క ఉంటుందే, దాని నార. బొటనవేలంత లావు. దాని పక్కన సన్నటి తెల్లని దారం, చివర గుడ్డలో కట్టిన గుండ్రాయి. ముందు రాయిని పై పంగలోంచి విసిరి, దారాన్ని దాటించి, దాని వెనక అసలు తాడును లాగుతాడు. దారం పట్టుదట. ధర్మవరం మగ్గాల దగ్గర పారేసే తునకలు పేని చేసింది. నడుముకి పట్టీ ఉంది, ఎద్దు మెడ పట్టీకి లారీ టార్పాలిన్ కలిపి చెప్పులు కుట్టే మనిషి కుట్టాడు. దానికి కమ్మరి చేసిన ఇనప రింగు. ఒక వంకర రంపం, ఒక చిన్న గొడ్డలి. అంతే. మా వైపు కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లు కాళ్లకు బందం వేసుకుని ఎక్కి దిగిపోతారు, వాళ్లకి కొమ్మలతో పనిలేదు. ఇది వేరే విద్య అని అప్పటికి నాకింకా తెలియదు.

"ఏం ఉద్యోగమక్కా నీది?"

"చెట్ల గురించి పాఠాలు చెబుతాను."

"ఎక్కుతావా?"

"లేదు."

"మళ్ల ఎట్ల చెప్తావు?" అన్నాడు. ఎగతాళి లేదు అందులో, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఎక్కాడు. చిన్న పని కాబట్టి తాడు రెండో కొసను తనే చెట్టు మొదలుకి కట్టుకున్నాడు. రంపం తీసే ముందు తాడును చేత్తో తడిమి, "తాడు అవతల, కొమ్మ ఇవతల" అన్నాడు. మళ్లీ తడిమాడు, మళ్లీ అన్నాడు. మూడుసార్లు. మా అమ్మమ్మ తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది, అలా. ఆ తర్వాత కొమ్మకు ముందు కింద గాటు పెట్టాడు. పైనుంచే కోస్తే కొమ్మ తన బరువుకి విరిగి, బెరడును మొదలుదాకా చీల్చుకుంటూ పోతుందట. ఆ బెరడులో ఏయే కణజాలాలు ఉంటాయో బొమ్మ గీసి భాగాలు గుర్తించగలను నేను. అది చీలిపోకుండా ఎలా కోయాలో మాత్రం ఆ రోజే చూశాను.

దిగాక గాయానికి పేడ, ఎర్రమట్టి కలిపి పూశాడు. "దీనివల్ల చెట్టుకు మేలేనా?" అని అడిగాను.

"చెట్టుకేం కాదక్కా. ఇంటోళ్లు పూయమంటారు. మనసుకు నెమ్మది."

మాటల్లో చెప్పాడు. మర్నాడు పెనుకొండ పోతున్నాడట, అక్కడ ఒక పెద్ద చింతచెట్టు పని ఒప్పుకున్నాడట. అట్నుంచి ధర్మవరం, తాడు పట్టే మనిషిని పిలవడానికి. నేనూ వస్తానన్నాను. "సెలవల్లో జనం ఊటీ పోతారు, నువ్వేమో చెట్లు నరికేవాడి వెనక పడుతున్నావు," అంది వసుంధర. దానికి అంజనప్ప కొంచెం నొచ్చుకున్నాడు. "నరకనమ్మా నేను. నరకాలంటే ఇంతమంది ఉండారు, నాతో ఏం పని," అన్నాడు.

పెనుకొండ

రోడ్డు పొడుగునా మొదళ్లు. నిన్నమొన్నటిదాకా రెండు పక్కలా చింతచెట్లు ఉండేవట. బస్సు కిటికీలోంచి అంజనప్ప ఒక్కో మొదలునీ చూస్తూ, "ఇది ఎక్కినా. ఇది గూడా ఎక్కినా," అంటూ వచ్చాడు. కాసేపటికి కళ్లు మూసుకున్నాడు.

కొండ, దాని మీద కోట, బస్టాండు నుంచే కనబడతాయి. మేము కోట వైపు కాక కిందికి, సాలమ్మ ఇంటికి నడిచాం. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. ఆవిడ పెరట్లో చింతచెట్టు ఉంది, అంత పెద్దది నేను పుస్తకంలో కూడా చూడలేదు. ఏటా ఆ చెట్టు కాపు అమ్ముకునే ఆవిడ ఏడాదంతా తింటుంది. ఇంకో ఆధారం లేదు. పోయిన నెల గాలివానకు పెద్ద కొమ్మ ఒకటి మొదట్లో పగిలింది. ఆ కొమ్మ కింద ఉన్నది చిన్నపిల్లల బడి గది.

ఊరి పెద్దలు ఆదివారం దాకా గడువిచ్చారు. ఆలోగా కొమ్మ దిగితే సరే. లేకపోతే సోమవారం కట్టెల వ్యాపారి మనుషులు వచ్చి చెట్టును మొదలంటా కోసేస్తారు. పెద్దల్ని తప్పుపట్టలేం, పిల్లల్ని తీసుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెబుతున్నారు. మేము వెళ్లింది గురువారం.

అంజనప్ప కొమ్మను గొడ్డలి వెనక భాగంతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "చెట్టు గట్టిగా ఉండాదవ్వా. ఈ చెయ్యి ఒక్కటి తీసేస్తే నీకంటే ఎక్కువ బతుకుతాది."

"తీయగలవా నాయనా?"

"నేనొక్కన్నే తీయలేను. మా మామ రావల్ల."

సాలమ్మ చెనిక్కాయలు, బెల్లం పెట్టింది. చెనిక్కాయలంటే వేరుశనగలే. ఒలుచుకు తింటూ అడిగాను, తాడు పట్టడానికి ఈ ఊళ్లో మనుషులే లేరా అని.

"పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారక్కా. ఎప్పుడు, ఎంత వదలల్లో తెలిసినోడు మామ ఒక్కడే."

వివరం చెప్పించుకున్నాను. తాడు ఒక కొస ఎక్కేవాడి నడుముకి. మధ్యలో పై పంగ. రెండో కొస కింద మనిషి చేతిలో, చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి. పైన ఆకుల్లో మనిషి కనపడడు, రంపం చప్పుడులో మాట వినపడదు. కాబట్టి తాడుతోనే మాట్లాడుకుంటారు. ఒకసారి లాగితే బిగించు. రెండుసార్లు లాగితే వదులు. ఎక్కే ముందు ఇద్దరూ ఒకే తట్టలో, అంటే కంచంలో, రాగిసంగటి ముద్ద చెరిసగం తినాలి. "అదెందుకు?" అన్నాను.

"ఇద్దరి మధ్య ఏమన్నా కోపముంటే ముద్ద కాడ తెలిసిపోతాది. కోపం పెట్టుకోని తాడు ముట్టుకోగూడదు."

ఆ మామ పేరు మస్తాన్. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్లు కలిసి పనిచేశారు, వరసలు కలుపుకున్నారు. రెండేళ్ల కిందట అంజనప్ప ఒక చెట్టు మీద నుంచి పడ్డాడు. భుజం విరిగింది. ఆ రోజు మస్తాన్ తాడు వదిలేశాడట. అప్పట్నుంచి మళ్లీ తాడు ముట్టలేదు.

"ఆయన తప్పేనా?"

"జనం అట్లే అంటారు," అన్నాడు అంజనప్ప. బెల్లం ముక్క నోట్లో వేసుకుని చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ధర్మవరం

శుక్రవారం ప్యాసింజరు బండిలో వెళ్లాం. ధర్మవరం వీధుల్లో నడుస్తుంటే ప్రతి గుమ్మంలోంచీ మగ్గం చప్పుడు. ఒక ఇంట్లో చీర చేతిలోకి తీసుకుని ధర అడిగాను, నా జీతం సగం పోతుందని తెలిసి మర్యాదగా తిరిగి ఇచ్చేశాను. నేసిన ఆవిడ ఏమీ అనుకోలేదు, తన కొంగు పట్టి చూపించింది. పట్టు నేసే ఆవిడ ఒంటి మీద ఉన్నది చవక వాయిలు చీర.

మస్తాన్ పట్టుదారం పేనే చోట పనిచేస్తున్నాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్లగడ్డం, గుమ్మం నిండే భుజాలు. అంజనప్పను చూసి లేచి నిలబడ్డాడు. ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య మాకు టీ, బన్ను ఇచ్చింది. రెండేళ్ల మనవరాలు ఆయన మోకాలు పట్టుకుని ఎత్తుకోమని గునుస్తోంది. ఆయన పట్టించుకోలేదు. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంటే ఆయన భార్యే వచ్చి ఎత్తుకుపోయింది. ఏం తాతయ్యా ఈయన, అనుకున్నాను మనసులో.

అంజనప్ప వానల గురించి మాట్లాడాడు. పట్టు ధర గురించి మాట్లాడాడు. టీ రెండోసారి వచ్చింది. చివరికి సాలమ్మ చెట్టు సంగతి చెప్పి, "రా మామా, ఒక్క పని," అన్నాడు.

"నేను రాను అంజీ."

"ఆయమ్మ బతుకు ఆ చెట్టు మీదే ఉండాది."

"అందుకే రాను." మస్తాన్ రెండు చేతులూ చాచి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఇవి ఒకసారి నిన్ను వదిలినాయి. మనవరాల్ని ఎత్తుకోవాలంటే భయం నాకు. పుట్టినప్పట్నుంచి ఆ బిడ్డను నేను ఎత్తుకోలేదు తెలుసా? మళ్ల ఇంకొక మనిషి పానం ఈ చేతుల్లో యాడ పెట్టుకోమంటావు?"

అలాంటప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే బాగుండేది. ఏదో ఒక మంచిమాట చెప్పి వాతావరణం తేలిక చేయాలనే జబ్బు నాకుంది, పాతికేళ్లు క్లాసులో నిలబడిన ఫలితం. "మీరు అలా అనుకోకండి. అంజనప్పగారు రంపం తీసే ముందు తాడు అవతల, కొమ్మ ఇవతల అని మూడుసార్లు అనుకుంటున్నారు. ఆ జాగ్రత్తలన్నీ మీరు నేర్పినవే కదా," అన్నాను.

మస్తాన్ నా వైపు చూశాడు. తర్వాత అంజనప్ప వైపు.

"నేను నేర్పలేదమ్మా. మేం పనిచేసిన ఇరవై ఏండ్లలో ఆ మాట వాని నోట ఎప్పుడూ వినలేదు." తర్వాత మెల్లగా అడిగాడు. "ఎప్పట్నుంచి అంటాండావు అంజీ?"

అంజనప్ప తల వంచుకున్నాడు.

"పడినాంక," అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. ఆ రోజు పొద్దుగూకుతోందని తొందరలో తాడు ఏ పక్క ఉందో చూసుకోలేదు. కోసే కొమ్మకు అవతల ఉండాల్సిన తాడు ఇవతల ఉంది. కొమ్మ తెగి పడుతూ తాడుకు తగిలింది, పైకి ఎగిరి మళ్లీ తగిలింది. కింద మస్తాన్ చేతికి రెండుసార్లు లాగినట్టు తెలిసింది. రెండుసార్లు లాగితే వదలాలి కదా, వదిలాడు, పైన ఆసరా పోయి అంజనప్ప పడ్డాడు. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికే ఊరంతా మస్తాన్‌ను తిడుతోంది. తాడు తప్పు వేసినవాడని తెలిస్తే తనను ఎవరు పనికి పిలుస్తారు? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాడు.

మస్తాన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "రెండేండ్లు," అన్నాడు. "రెండేండ్లు ఈ చేతుల్ని తిట్టుకుంటా బతికినా. నువ్వు ఈద్‌కు వచ్చి నా ఇంట్లో సేమ్యా తాగి పోయినావు." లేచి తలుపు దగ్గరకెళ్లి నిలబడ్డాడు. "బండి టైమయింది. పోండి."

నోరు జారినందుకు క్షమించమని ప్లాట్‌ఫారం మీద అన్నాను. "నువ్వేం చేసినావక్కా," అన్నాడు. "నేను చెప్పల్సింది నువ్వు చెప్పినావు." ఆయన మీద కోపం రావాలి నాకు. వచ్చింది కూడా. కానీ ఆ జారిపోయిన భుజం చూస్తే ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

మళ్లీ పెనుకొండ

శనివారం అంజనప్ప ఊళ్లో నలుగురైదుగురిని పిలిచి తాడు పట్టించి చూశాడు. ఒకాయన వదలమంటే బిగించాడు, ఇంకొకాయన చుట్టూ ఉన్నవాళ్లతో కబుర్లు చెబుతూ మొత్తం వదిలేశాడు. తన బరువుకు బదులు ఇసక బస్తా కట్టాడు కాబట్టి బతికిపోయాడు. ఆ సాయంత్రం సాలమ్మ చెట్టు కింద రాలిన కాయలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, చెట్టు పోయేలోగా ఇంకెన్ని కాయలు దక్కుతాయో అన్నట్టు పైకి చూసింది. నేను వెళ్లి ఆవిడతో పాటు ఏరాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్దలు వచ్చి కూర్చున్నారు. అంజనప్ప నడుముకి పట్టీ బిగించుకున్నాడు, తాడు పట్టడానికి నమ్మకమైన మనిషి లేకుండానే. వద్దని నేను, సాలమ్మ ఇద్దరం చెప్పి చూశాం. అప్పుడు వచ్చాడు మస్తాన్, ధర్మవరం బస్సు దిగి, భుజాన తాడు చుట్టతో. పాత కిత్తనార తాడు అది. రెండేళ్లుగా వేపాకు వేసి దాచినట్టుంది, ఆ వాసన దూరానికే తెలిసింది.

పెద్దల్లో ఒకాయన గుర్తుపట్టాడు. "ఏమప్పా, నిన్ను ఆ పొద్దు వదిలేసినోడు ఈయప్పే కదా?"

"కాదు పెద్దాయనా," అన్నాడు అంజనప్ప. అందరికీ వినపడేలా అన్నాడు. "మామ వదల్లేదు. తాడు నేనే తప్పేసినా. ఇన్నాళ్లూ చెప్పలేదు."

గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన గడ్డం నిమురుకుని, "అట్లయితే నీకు ఈ చెట్టు ఎట్ల అప్పజెప్పల్ల? కింద బడి ఉండాది," అన్నాడు. న్యాయమైన మాటే.

మస్తాన్ తాడు చుట్ట నేలమీద దించి, ఒక కొసను అంజనప్ప వైపు విసిరి, రెండో కొసను చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పాడు. "తాడు నా చేతిలో ఉంటాది," అన్నాడు. "ఎక్కనీండి."

సాలమ్మ వేడి సంగటి తట్టలో తెచ్చింది, పైన ఊరిబిండి, అదే చెనిక్కాయల పచ్చడి. అంజనప్ప ముద్దను రెండు చేసి తట్ట ముందుకు జరిపాడు. మస్తాన్ దాన్ని పక్కకు నెట్టాడు. "దిగినాంక తింటా. ఇప్పుడు గొంతు దిగదు నాకు."

కోపముంటే తాడు ముట్టకూడదని నాకు చెప్పిన మనిషి, ఆ కోపాన్ని కళ్లారా చూసి కూడా చెట్టెక్కాడు. తనూ ముద్ద ముట్టలేదు.

మూడు గంటలు పట్టింది. కొమ్మను ముక్కలు ముక్కలుగా రెండో తాడుకు కట్టి దించారు, ఆ తాడు ఊరి మగవాళ్లు ఆరుగురు పట్టుకున్నారు. అంజనప్ప ప్రాణం ఉన్న తాడు మాత్రం మస్తాన్‌ది. నేను ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. మొదట్లో వణికాయి. పైనుంచి మొదటిసారి తాడు రెండుసార్లు కదిలినప్పుడు ఆయన వదల్లేదు. తల పైకెత్తి, రంపం ఆగేదాకా ఆగి, గట్టిగా అడిగాడు.

"నువ్వేనా?"

ఆకుల్లోంచి వచ్చింది జవాబు. "నేనే మామా."

అప్పుడు వదిలాడు, జానెడు. ఆ పొద్దంతా అంతే. రెండుసార్లు తాడు లాగడం, "నువ్వేనా?" అని ఈయన అడగడం, "నేనే మామా" అని ఆయన చెప్పడం. పదోసారికి, చూడ్డానికి వచ్చి అరుగెక్కిన బడిపిల్లలు కూడా మస్తాన్‌తో పాటు అరవడం మొదలుపెట్టారు. చేతుల వణుకు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

చివరి ముక్క బడి గోడకు మూరెడు దూరంలో నేలను తాకింది. ఒక్క పెంకు పగల్లేదు. పెద్దలు లేచి, వ్యాపారికి రావద్దని కబురు పంపడానికి వెళ్లారు. సాలమ్మ చెట్టును చేత్తో రాసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

అంజనప్ప దిగి, తాడు విప్పుకుని, తట్ట ముందు కూర్చున్నాడు. పిలవలేదు. మస్తాన్ తన తాడును నెమ్మదిగా చుట్ట చుట్టాడు, దుమ్ము దులిపాడు, పక్కన పెట్టాడు. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సంగటి చల్లారి గట్టిపడిపోయింది. వేరే వండుతానంది సాలమ్మ. వద్దన్నాడు మస్తాన్. గట్టిపడ్డ సగం ముద్దను తీసుకుని, రెండు చేతులతో విరిచి, నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఈద్‌కు రా," అన్నాడు చివరికి. "ఈసారి బిడ్డను నీకు చూపిస్తా. నేనే ఎత్తుకోనొచ్చి."